మూడూ నలభైకి సంభాషణ

ఏప్రిల్ నాలుగో తారీకు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం ఊరి కేఫ్‌లో థేన్ రాబిన్స్ తిన్నవి ఒక గిన్నెడు బీన్స్ కూర, తేనె కలిపిన వెన్నతో వేయించిన రొట్టెలు రెండు. నిజానికి ఒకటిన్నర. మూడేళ్ళు దాటినా ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం జ్ఞాపకశక్తి కాదు. రెండో రొట్టె సగంలో ఉండగా ఒకావిడ వచ్చి, బల్ల మీద నాలుగు మడతల కాగితం పెట్టి, "ఈ ఘనకార్యం ఎవరిది?" అని అడిగింది. ఆ మిగతా సగం అతను ఇప్పటిదాకా తినలేదు.

"నాదే," అన్నాడు థేన్. "ఏం, దారి తప్పారా?"

"దారి బంగారంలా ఉంది. లోయ పై మొగ దగ్గర ఒక కారు పెట్టండి, కింది మొగ దగ్గర ఒక కారు పెట్టండి అని రాశారు. ఆ మొగుడూ పెళ్ళాం బుద్ధిగా అలాగే పెట్టారు. పన్నెండు మైళ్ళు నడిచి కింది కారు దగ్గరికొచ్చారు. దాని తాళంచెవి పై కారులో ఉంది."

"అయ్యో."

"నిన్న సాయంత్రం నా వ్యానులో తెచ్చాను. ఆయన ముందు సీటు, ఆవిడ చిట్టచివరి సీటు. మధ్యలో ఉన్న ఎనిమిది సీట్లూ ఖాళీ. పెళ్ళయి పదిరోజులట."

"తాళంచెవి వాళ్ళు మర్చిపోతే నేనేం చెయ్యనండీ? ప్లానులో తప్పు లేదు."

"ప్లానులో నీళ్ళెప్పుడు తాగాలో ఉంది. సాక్సు ఎప్పుడు మార్చుకోవాలో ఉంది. తాళంచెవి మాట లేదు."

థేన్ కాగితం విప్పి చూశాడు. లేదు.

"అది మామూలు తెలివి కదా అని రాయలేదు."

"మరి సాక్సుది ఏం తెలివి మాస్టారూ?"

ఎడారి లోయల పక్కనున్న ఎస్కలాంటే ఊళ్ళో మొత్తం ఉన్నది ఎనిమిది వందల మంది. అతను బళ్ళో భూగోళం మాస్టారని ఆమెకు అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. ఆమె పేరు నెడ్రా అనీ, ఐడహో నుంచి ఆ వసంతంలోనే వచ్చిందనీ, భర్తతో విడిపోయి చాలా ఏళ్ళయిందనీ, పొద్దునా సాయంత్రం బడి బస్సు తోలి, మిగతా వేళల్లో లోయలు నడవడానికి వచ్చినవాళ్ళను ఒక మొగ దగ్గర దించి ఇంకో మొగ దగ్గర ఎక్కించుకునే పని చేస్తుందనీ అతనికి కూడా ఆ సాయంత్రానికే తెలిసింది. ఎవర్నీ అడగనవసరం లేకపోయింది.

కేఫ్ కిటికీ పక్కన మ్యాపులు పరుచుకుని కూర్చోవడం, అడిగినవాళ్ళకు, కొన్నిసార్లు అడగనివాళ్ళకు కూడా, లోయల ప్రయాణానికి ప్లాను రాసివ్వడం థేన్ అలవాటు. భార్య లరూ పోయాక, ఇంట్లో సాయంత్రాలు మరీ పొడుగ్గా ఉన్నాయని మొదలుపెట్టాడు. అతని ప్లానులతో ఏ చిక్కూ లేదు, ఆ ప్రకారం ఎవరూ నడవలేరన్న ఒక్కటి తప్ప.

ఆ రోజు నుంచి అతని ప్రతి ప్లానులోనూ పద్నాలుగో వరస ఎర్ర సిరాతో ఉండేది. 'కింది బండి తాళంచెవి మీ జేబులోనే ఉందా? తడిమి చూసుకోండి.' దాని కింద నెడ్రా ఫోన్ నంబరు. ఆమె తన వ్యానెక్కినవాళ్ళను ప్లాను కోసం ఇతని దగ్గరకు పంపేది. శుక్రవారాలు కిటికీ పక్కన ఇద్దరూ కూర్చునేవారు. అతనికి వేడి చాక్లెట్, ఆమెకు కాఫీ. అలా మూడేళ్ళు గడిచాయి. మూడేళ్ళలో అతను ఆమెకు చెప్పదలుచుకున్న మాట తప్ప మిగతావన్నీ చెప్పాడు. ముఖ్యంగా ఇసుకరాయి గురించి.

ఆగస్టు చివర ఒక శుక్రవారం నెడ్రా కాఫీలో పంచదార కలుపుతూ అంది:

"ఐడహోలో, మా పొకటెల్లోలో అక్క ఉంది కదా. అక్కడ బస్సు డిపోలో పైస్థాయి ఉద్యోగం ఖాళీ అయిందట. కుర్చీ ఉద్యోగం. అక్టోబరు సెలవులయ్యాక వచ్చే సోమవారానికల్లా వస్తానో రానో చెప్పమన్నారు."

"మంచి అవకాశం," అన్నాడు థేన్.

అన్న మరుక్షణం తన నాలుకను తనే పట్టి బల్లకు మేకు కొట్టాలనిపించింది.

"అంతేనా?" అంది నెడ్రా.

"అక్కడ చలి ఎక్కువ."

"అక్కడే పుట్టాను మాస్టారూ."

కాసేపు ఇద్దరూ కిటికీలోంచి వీధిని చూశారు. వీధిలో చూడడానికి ఏమీ లేదు. ఆమె మళ్ళీ అంది, "ఒకటే వెలితి. మూడేళ్ళుగా ఈ లోయల పై మొగ దగ్గర జనాన్ని దింపుతున్నాను, చుట్టూ తిరిగి కింది మొగ దగ్గర ఎక్కించుకుంటున్నాను. మధ్యలో ఏముందో ఒక్కసారి చూడలేదు. నేను నడిస్తే బండి అటు తెచ్చేదెవరు?"

ధైర్యమున్నవాడు ఆ క్షణంలో ఆమె చెయ్యి పట్టుకుని ఉండేవాడు. థేన్ జేబులోంచి పెన్సిలు తీశాడు.

"అక్టోబరు సెలవులు నాలుగు రోజులు," అన్నాడు. "మీ వ్యాను, నా పికప్ ట్రక్కు. రెండు బళ్ళు. నేను ప్లాను వేస్తాను."

*

ప్లాను పదకొండు పేజీలైంది.

కూతురు బ్రిన్లీ సెడార్ సిటీలో నర్సు చదువు చదువుతోంది. ఎక్కడ వెతకాలో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలని అతను ఒక ప్రతి ఆమెకు పంపాడు. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది.

"నాన్నా, మీరిద్దరూ ఎడారికి వెళ్తున్నారా, చంద్రుడి మీదకా?"

"జాగ్రత్త కోసం అమ్మా."

"రెండో రోజు మూడూ నలభైకి 'నీటి ఊట దగ్గర విశ్రాంతి, సంభాషణ, పదిహేను నిమిషాలు' అని ఉంది. నాలుగు రోజుల్లో మిగతా వేళంతా ఇద్దరూ నోరు కట్టుకుని ఉంటారా?"

థేన్ ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఆవిణ్ణి ఉండిపొమ్మని అడగబోతున్నావా?"

"ఏమో. సోమవారం ఆవిడ అక్కడికి వస్తానని చెప్పేశాక అడిగి లాభం లేదు."

"అమ్మ ఉంటే ఏమనేదో తెలుసా?"

"పదిహేను నిమిషాలు నీకెక్కువ అనేది."

బ్రిన్లీ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నేనొచ్చినప్పుడల్లా చూస్తుంటాను నాన్నా. భోజనానికి కూర్చునేటప్పుడు నువ్వు మిగతా కుర్చీలకేసి చూడవు. అడుగు. అడిగి కాదనిపించుకున్నా నాకు పరవాలేదు. నీకూ పరవాలేదు," అంది.

మర్నాడు నెడ్రా అతని వంటింటి బల్ల ముందు కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి పదకొండు పేజీలూ చదివింది. చదువుతున్నంతసేపూ అతను పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"'సూర్యాస్తమయం చూడడం, పన్నెండు నిమిషాలు,'" అని చదివిందామె. "పదమూడో నిమిషంలో కూడా సూర్యుడు అక్కడే ఉంటే ఏం చేద్దాం?"

"అది అంచనా మాత్రమే."

"ఈ మట్టిరోడ్డు వాన పడితే సబ్బుముక్క. మబ్బు కనిపిస్తే మీ ప్లాను మడిచేసి నేను చెప్పినట్టు వినాలి. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను."

"ఈ మూడూ నలభై సంభాషణ దేని గురించి?"

గరిటె కింద పడింది. తీస్తూ, ముఖం బల్ల కింద ఉండగానే, "రాతి పొరల గురించి," అన్నాడు.

"ఇరవై కోట్ల ఏళ్ళ కథ అంటుంటారు కదా మీరే. పదిహేను నిమిషాల్లో అవుతుందా?"

"ముఖ్యమైన భాగం అవుతుంది."

నెడ్రా కళ్ళజోడు తీసి అతనికేసి చూసింది. కాగితాలు సర్ది, "వ్యాను తాళంచెవి మాత్రం నా దగ్గరుంటుంది," అంది.

"వద్దండీ. ఈ నాలుగు రోజులూ మీరు ప్రయాణికురాలు. మూడేళ్ళుగా ఊరందరి మతిమరుపూ మీరే మోశారు. ఇది నాకు వదిలెయ్యండి."

ఆమె కాసేపు ఆలోచించింది. తర్వాత గుత్తిలోంచి వ్యాను తాళంచెవి విడదీసి అతని అరచేతిలో పెట్టింది. ఇప్పటిదాకా ఆమె జేబులో ఉన్నదేమో, అది వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం పోయేదాకా అతను పిడికిలి విప్పలేదు.

*

గురువారం పొద్దున రెండు బళ్ళూ బయల్దేరాయి. ముందు ఆమె వ్యాను, వెనక అతని పికప్. తెల్లరాతి వెన్ను మీదుగా పోయే రోడ్డు అది. రెండు పక్కలా అగాధం. ఆ రోడ్డు మీద పిల్లల బస్సు తోలే మనిషి వెనక వెళ్ళడం ఎంత సుఖమో అతనికి అప్పుడే తెలిసింది. ప్రతి మలుపుకూ చాలా ముందే ఆమె బ్రేకు దీపాలు వెలిగేవి, 'ఇక్కడ జాగ్రత్త' అని చెప్పినట్టు.

పదకొండింటికే ప్లాను నలభై నిమిషాలు వెనకబడింది. రాతి తోరణం చూడడానికి నడుస్తున్నప్పుడు ఆమె ప్రతి పొద దగ్గరా ఆగింది, ఆకులు నలిపి వాసన చూసింది. తోరణం కింద వెల్లకిలా పడుకుని, "మీరూ పడుకోండి. ఇలా చూస్తే ఆకాశం కదులుతున్నట్టుంది," అంది. ప్లానులో పడుకోవడం లేదు. పడుకున్నాడు. నిజంగానే కదిలింది.

సాయంత్రం వ్యాను లోయ కింది మొగ దగ్గర వదిలి, తోలడానికి ఆమెకిచ్చిన తాళంచెవిని థేన్ మళ్ళీ జేబులో వేసుకున్నాక, ఇద్దరూ పికప్‌లో ముప్పై మైళ్ళు చుట్టూ తిరిగి పై మొగ చేరారు. అతను గుడారంలో, ఆమె పికప్ వెనక తొట్టెలో పడుకున్నారు.

శుక్రవారం ఉదయం ఏడింటికి నడక. దారి మొదట్లో ఒక స్తంభానికి ఇనప పెట్టె, అందులో పుస్తకం. లోయలో దిగేవాళ్ళంతా పేరు, తారీకు, ఎంతమంది అన్నది రాసి దిగాలి. పెన్సిలు ముక్క విరిగిపోయి ఉంటే థేన్ మళ్ళీ బండి దగ్గరకు వెళ్ళి కలం తెచ్చాడు. పేరు రాశాడు. తారీకు రాశాడు. 'ఎంతమంది' దగ్గర చెయ్యి ఆగింది. తొమ్మిదేళ్ళుగా ఆ గడిలో 'ఒకరు' అనే రాస్తున్నాడు. 'ఇద్దరు' అని రాసి, సిరా ఆరేదాకా ఊదాడు.

"బళ్ళో హాజరుపట్టీ అనుకున్నారా?" అంది వెనక నుంచి నెడ్రా.

మొదటి రెండు మైళ్ళూ ఎండిన వాగు. తర్వాత గోడలు దగ్గరకొచ్చాయి. చేతులు చాపితే రెండు వైపులా రాయి తగిలేంత దగ్గరకు. పైన సన్నటి నీలిగీత, కింద మడమల లోతు నీళ్ళు. గోడలు ఎర్రగా మొదలై, ఒక మలుపులో ఊదాగా, ఇంకో మలుపులో పండిన నేరేడు రంగులో ఉన్నాయి. ఒకచోట గోడలు కాస్త వెనక్కి తగ్గి, పసుపు తిరిగిన కాటన్‌వుడ్ చెట్టు ఒక్కటే నిలబడి ఉంది. ఆకు రాలితే ఆ చప్పుడు కూడా వినిపించింది.

రోజంతా ఎవరినో ఒకరిని ఆటపట్టించే నెడ్రా గంటసేపు మాట్లాడలేదు. థేన్‌కు భయం వేసింది. కాలు బెణికిందేమో, విసుగొచ్చిందేమో.

"బాగున్నారా?"

ఆమె గోడ మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. "ఇంత చల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు," అంది. "బయటికొచ్చినవాళ్ళందరూ కాళ్ళ నొప్పుల గురించే చెప్పారు. నేను బయట వ్యానులో కూర్చుని గళ్ళనుడికట్టు నింపుతూ ఉండేదాన్ని. ఇదంతా ఇక్కడ ఉంది."

రాతి పొరల గురించి ఏదైనా చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. తన జీవితంలో మొదటిసారి థేన్ ఆ అదను వదిలేసుకున్నాడు.

మూడూ నలభై సంభాషణకు వాళ్ళు నాలుగూ ఇరవై ఐదుకు చేరారు. గోడలో పెద్ద గుహలాంటి మలుపు, అందులో రాతి పగుళ్ళలోంచి చుక్క చుక్కగా కారే ఊట, పచ్చటి నాచు. ఇద్దరూ ఒక చదునైన బండ మీద కూర్చున్నారు. నెడ్రా బూట్లు విప్పి పాదాలు నీళ్ళలో పెట్టింది.

"కానివ్వండి మాస్టారూ. రాతి పొరలు."

చెప్పవలసిన మాటలు అతను ఒక అట్టముక్క మీద రాసుకున్నాడు. మూడు వాక్యాలు. అది చొక్కా జేబులో, తాళంచెవితో పాటు ఉండాలి. జేబులో చెయ్యి పెట్టాడు. అట్టముక్క తగిలింది.

ఇంకేమీ తగల్లేదు.

ఇంకో జేబు. ప్యాంటు జేబులు నాలుగు. సంచీ పై అర, పక్క అర. మళ్ళీ చొక్కా జేబు, ఈ లోపల తాళంచెవి దానంతటదే వచ్చి ఉంటుందేమోనని. నెడ్రా పాదాలు ఆడించడం మానేసి అతన్నే చూస్తోంది. అప్పుడు అతని కళ్ళ ముందు కనిపించింది: పొద్దున బండి దగ్గర కలం కోసం వెతుకుతూ, చెయ్యి ఖాళీ చేసుకోవడానికి తాళంచెవిని సీట్ల మధ్య కప్పు పెట్టుకునే గుంటలో పెట్టిన తన చెయ్యి. బడుద్ధాయి చెయ్యి.

"మీకో మాట చెప్పాలి," అన్నాడు.

"చెప్పండి." ఆమె గొంతు మెత్తగా ఉంది.

"చాలా రోజులుగా... కాదు. పొద్దున్నించి. అంటే నాకు ఇప్పుడే తెలిసింది."

"ఏమిటది?"

"వ్యాను తాళంచెవి పికప్‌లో ఉండిపోయింది."

చుక్క కారింది. ఇంకో చుక్క కారింది. నెడ్రా ముందు పెదవులు బిగబట్టింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ఆ గుహంతా మారుమోగేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, అతని ముఖం చూసి, మళ్ళీ మొదటినుంచి నవ్వింది.

"ఎర్ర సిరా," అంది ఆయాసపడుతూ. "పద్నాలుగో వరస. పదకొండు పేజీలు."

"తెలుసు."

"ఇదేనా మరి సంభాషణ?"

"కాదు."

"పదిహేను నిమిషాలైపోయాయి. పదండి, చీకటి పడకముందే కింది మొగ చేరాలి."

మిగిలిన నాలుగు మైళ్ళూ థేన్ ఆమె వెనక నడిచాడు. వెనక్కి పోవడానికి వెలుతురు లేదు. కింద ఫోన్ పలకదు. సోమవారం పొకటెల్లోకి ఫోన్ చేసేటప్పుడు ఆవిడ అక్కతో ఏం చెబుతుందో ఊహించుకున్నాడు. 'ఇక్కడ ఒకాయన ఉన్నాడక్కా. నన్ను ఎడారిలో వదిలేశాడు.' ఆమె వెళ్ళిపోవడానికి ఏదైనా కారణం తక్కువైతే, అది కూడా తనే సర్దిపెట్టాడు.

గోడలు విడిపోయి ఆకాశం వెడల్పయింది. ఇసుక మైదానం చివర, పశువుల కంచె పక్కన వ్యాను కనిపించింది, సాయంత్రపు వెలుగులో దాని కిటికీలన్నీ నారింజ రంగులో మెరుస్తూ. నెడ్రా నేరుగా వెళ్ళి పక్క తలుపు పట్టుకుని లాగింది. తలుపు తెరుచుకుంది.

థేన్ నోరు తెరిచాడు.

"దీనికి తాళం వెయ్యలేదు నేను," అంది నెడ్రా. "లోపల నీళ్ళున్నాయి, దుప్పట్లున్నాయి, పంచదార పాకంలో ఊరిన పీచ్ పళ్ళ డబ్బాలు రెండున్నాయి. ఏ బండైనా కింది మొగ దగ్గర వదిలేటప్పుడు అలాగే వదులుతాను. మీలాంటివాళ్ళను చాలామందిని చూశాను కదా. ఇంజను మాత్రం చెవి లేకుండా కదలదు."

"అయితే రేపు మళ్ళీ పైకి..."

"అక్కర్లేదు. ఆ కంచె అవతల ఆవులున్నాయి. వాటికి ఉప్పుగడ్డలు పెట్టడానికి వారానికి మూడు రోజులు ఒక పెద్దాయన ట్రక్కులో వస్తాడు. రేపు ఆయన వచ్చే రోజు. ఏడింటికల్లా మనల్ని పై మొగ దగ్గర దింపుతాడు."

థేన్ ఇసుకలో చతికిలబడ్డాడు. తొమ్మిదేళ్ళుగా ఈ లోయల మీద ప్లానులు రాస్తున్నాడు. ఉప్పు పెద్దాయన సంగతి ఏ పేజీలోనూ లేదు.

"ఇంకోటి కూడా చెప్పాలి," అంది నెడ్రా, డబ్బా మూత తిప్పుతూ. ఈసారి ఆమె అతనికేసి చూడలేదు. "తాళంచెవి పొద్దున్నే చూశాను. ఆ గుంటలో."

"చూశారా?"

"నా సంచీ తీసుకోవడానికి వంగినప్పుడు. మీరు అప్పుడు ఆ పుస్తకంలో ఏదో ఊదుకుంటున్నారు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే సిగ్గుపడేవారు. రోజంతా ఏడుసార్లు క్షమాపణ చెప్పేవారు. ఆ మూడూ నలభైది కొట్టేసేవారు." మూత వచ్చింది. "పైగా మాస్టారూ, మూడేళ్ళుగా ఇరుక్కుపోయినవాళ్ళను బయటికి తెచ్చే పనే నాది. ఎవరితోనైనా కలిసి ఒక్కసారి నేనూ ఇరుక్కుంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. కోపం వచ్చిందా?"

కోపం కోసం థేన్ లోపల వెతికి చూశాడు. అన్ని జేబులూ తడిమాడు. ఎక్కడా లేదు.

ప్లాను మూడో రోజు పేజీ మధ్యకు మడిచి, దాని మీద పీచ్ ముక్కలు పెట్టుకుని ఇద్దరూ వ్యాను మెట్టు మీద కూర్చున్నారు. సూర్యాస్తమయం పన్నెండు నిమిషాలు దాటి ఎంతసేపయిందో అతను లెక్కపెట్టలేదు. అట్టముక్క జేబులోనే ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు.

"పొకటెల్లోకి వెళ్ళకు," అన్నాడు.

"ఎందుకు?"

ఆ 'ఎందుకు' వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. అట్టముక్క మీద రాసిన మూడు వాక్యాలూ ఆ ప్రశ్నకు జవాబు కావని అతనికి అర్థమైంది.

"పొద్దున ఆరూ నలభైకి నీ బస్సు మా ఇంటి ముందు నుంచి వెళుతుంది," అన్నాడు. "అప్పటికి నేను పళ్ళు తోముకుని, చొక్కా వేసుకుని కిటికీ దగ్గర ఉంటాను. నా క్లాసు ఎనిమిదిన్నరకి. లరూ పోయాక లేచేవాణ్ణి, అంతే. ఎప్పుడు లేచినా ఒకటే. ఇప్పుడు ఆరూ నలభై ఉంది. అది ఏ కాగితంలోనూ రాయలేదు. నాకున్న కారణం అదొక్కటే. పెద్దదేం కాదు."

నెడ్రా పీచ్ రసం వేళ్ళ మీదుగా కారుతుంటే చూస్తూ కూర్చుంది.

"మీ ఇంటి దగ్గర మలుపు ఉంది కదా," అంది చివరికి. "ఆ మలుపుకి ఒక గేరు తగ్గిస్తే చాలు. నేను రెండు తగ్గిస్తాను. పిల్లలు వెనక నుంచి అరుస్తారు, ఏమైంది ఏమైందని. చలికాలంలో మీ కిటికీ మంచు పట్టి ఉంటుంది. మధ్యలో చిన్న గుండ్రం తుడిచి ఉంటుంది. అది కనిపించేదాకా తగ్గిస్తాను."

"నాకు తెలీదు."

"మీకు తెలియనివి చాలా ఉన్నాయి." ఆమె తన జిగట చెయ్యి అతని చేతిలో పెట్టింది. అతను పెన్సిలు కోసం వెతకలేదు. "రేపు ఆ పెద్దాయన ట్రక్కు సిగ్నలున్న చోటికి చేరగానే మా అక్కకి ఫోన్ చెయ్యాలి. సోమవారం దాకా ఎందుకు, ఆవిడ ఆశపెట్టుకుంటుంది."

"ఏం చెబుతావు?"

"రానని. ఎందుకని అడుగుతుంది. కిటికీ గురించి చెబితే తిడుతుంది." కాస్త ఆలోచించింది. "తిట్టనీ. మీరు మాత్రం ఆ ఉద్యోగం మంచి అవకాశం అని ఇంకెప్పుడూ అనకండి. ఆ రోజు కాఫీలో నాలుగు చెంచాలు పంచదార వేసుకున్నాను మీవల్ల."

"బ్రిన్లీకి ఫోన్ నేను చేస్తాను," అన్నాడు థేన్. "తాళంచెవి సంగతి తప్ప అన్నీ చెబుతాను."

"తాళంచెవి సంగతి నేను చెబుతాను," అంది నెడ్రా.

చలి దిగింది. అతను బయటే పడుకుంటానన్నాడు. ఊరు చిన్నది, ఉప్పు పెద్దాయనకు నోరు పెద్దదేమో తెలియదు. ఆమె నవ్వి, ఉన్న మూడు దుప్పట్లలో రెండు అతనికిచ్చింది. అతను ఒకటి వెనక్కిచ్చాడు. ఆమె మళ్ళీ తెచ్చి, అతను కళ్ళు మూసుకున్నాక కాళ్ళ మీద కప్పి వెళ్ళింది.

చక్రం పక్కన వెల్లకిలా పడుకుని అతను విన్నాడు. ఆ పాత వ్యాను పక్క తలుపు మూసినప్పుడల్లా దడేలుమంటుంది. కేఫ్‌లో కూర్చున్నా వినిపిస్తుంది. ఇప్పుడు ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అంగుళం అంగుళం జరుపుతోంది. మధ్యలో కిర్రుమంటే ఆగింది. నిద్రపోతున్న మనిషి కదిలాడేమోనని కాసేపు చూసి మళ్ళీ జరిపింది. అతనికి నిద్ర పట్టలేదు. కానీ ఆమె పడుతున్న శ్రమ వృథా పోకూడదని కళ్ళు మూసుకునే ఉన్నాడు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.